జరగనహళ్ళిలో సున్నా

పావుగంటకోసారి మా సర్వరు ఒక గడప ముందు నిలబడి
"ఏమైనా ఉందా?" అని అడుగుతుంది.
"ఏం లేదు, ఇందాకటిదే" అంటుంది అటువైపు.
మావాడు నొచ్చుకోడు.
మళ్ళీ పావుగంటకి వెళ్తాడు,
బాకీ వసూలుకొచ్చినవాడిలా కాదు,
పాలబూత్ దగ్గర ఖాళీ గిన్నెతో నిలబడ్డ పిల్లాడిలా.

బెంగుళూరులో అలాంటి గడపలు పదకొండు వందలు.
ఆ పిల్లాణ్ణి కనిపెట్టుకుని ఉండడం నా ఉద్యోగం.

ఆ మంగళవారం సాయంత్రం
సిల్క్ బోర్డు దగ్గర బస్సులోకి నీళ్ళొచ్చాయి.
చెప్పులు చేత్తో పట్టుకుని ఆఫీసుకొచ్చి చూద్దును కదా
మ్యాపులో దక్షిణం మూల ఎండ కాస్తోంది.
జరగనహళ్ళి. వాన: సున్నా.
తెలుగులో చదివితే ఏమీ జరగని పల్లె.
నవ్వొచ్చింది.
కాసేపటికి ఆగిపోయింది.

ఆ సున్నాని మేం తిండి చేరవేసే కంపెనీకి ఇచ్చాం.
వాళ్ళు, నిలువునా తడిసిన కుర్రాడికి
వాన భత్యం కోసేశారు.
వాళ్ళ దగ్గర ఆటోల యాప్ తీసుకుంది: దారి పొడి.
ఆటోల దగ్గర బీమావాళ్ళు.
బీమా దగ్గర ఇంకెవరో,
ఆ ఇంకెవరి దగ్గరో మళ్ళీ మేమే,
వేరే పేరుతో, వేరే రంగులో,
"రెండు ఆధారాలు సరిపోలాయి" అని పచ్చ టిక్కుతో.
మా అబద్ధం ఊరంతా తిరిగి
మా ఇంటికే సాక్ష్యం చెప్పడానికొచ్చింది.

ఫీడు తలమీద ఎవరో ఫణిశయన పేరుంది.
రాసిన మెయిలు తిరిగొచ్చింది.
చిరునామా మాత్రం తిరిగి రాలేదు:
ఆరో అడ్డరోడ్డు, పిండిమర మీద మేడ.

బుధవారం వెళ్ళాను.
మర నడిపే హొంబాళమ్మకి కనుబొమల దాకా రాగిపిండి.
కన్నడంలో మొదలుపెట్టి, నా తడబాటు విని
పావగడ తెలుగులోకి దిగింది.
"ఆ పెట్టె అద్దెకున్న పిల్లోడు పెట్టినాడు పాపా.
ఖాళీ చేసి పూణే పోయినాడు, నాలుగేండ్లాయె.
కరెంటు తీయొద్దక్కా అన్యాడు.
తీయలే."

నాలుగేళ్ళ కరెంటు బిల్లు.
దాని మీద ఎన్ని కంపెనీల వాన!

మేడ మీద ఆ పెట్టె నాకంటే పొట్టిది.
నీళ్ళు పడితే అటూ ఇటూ తూగే బుల్లి గిన్నె లోపల,
పైన గరాటు,
గరాటు గొంతులో మట్టిగూడు.
కందిరీగది. వేలెడంత, నున్నగా, మూసేసి ఉంది.
పుల్ల తీశాను.

"ఉండు" అంది.
"పిల్లలుండాయి లోపల. నాకు ముందే తెల్సు.
ఎగిరి పోనీ, ఇంగో వారం."
"వాన లెక్క తప్పుతోందమ్మా, ఊరంతటికీ."
"వాన తప్పలే కదా?"

జవాబు కోసం అటూ ఇటూ చూశాను.
పిట్టగోడ మీద, కడిగి ఎండబెట్టి మరిచిపోయిన సేరు.
నిటారు గోడల ఇత్తడి సేరు, అడుగున నిన్నటి ఆకాశం.
మనవరాలి స్కేలు తెచ్చి నిలబెట్టింది ఆవిడే.
నలభై మూడు మిల్లీమీటర్లు.

అక్కడే ఫోన్లో రాశాను.
వాన: 43.
ఎలా కొలిచారు: సేరుతో.
ఎవరు: హొంబాళమ్మ.

పావుగంటకి పిల్లాడు వచ్చి గిన్నె నింపుకుపోయాడు.
మొదటి కంపెనీ పేరు తీసేసింది.
రెండోది సేరుని తీసేసింది.
మూడోది మూడుని తీసేసి నలభై చేసింది.
మెట్లు దిగుతుంటే నా ఫోనుకొచ్చింది
ఒక నీలం చుక్క.
ఎవరి చుక్కో ఎక్కడా లేదు.

ఆ వారమంతా సాయంత్రం ఏడింటికి ఫోను.
"ఈ పొద్దు రెండు వేళ్ళు."
"స్కేలు పెట్టమ్మా."
"పాప బడికి తీస్కపోయింది. రెండు వేళ్ళు అని రాసుకో."
ఆవిడ వేలు ఎంత లావో గుర్తు చేసుకుంటూ
రాసుకున్నాను.

తొమ్మిదో రోజు పొద్దున్నే మోగింది.
వెనక మర తిరుగుతోంది, ఆవిడ అరుస్తోంది.
"పోయినాయి పాపా! గూటికి బెజ్జం పెట్టుకొని పోయినాయి.
ఇంగ తెచ్చుకో నీ పుల్ల."